కాలేజీ సీటుకు దరఖాస్తు: ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి, ఒరిజినల్స్ మీ ఇంట్లోనే ఉండాలి

ఆ మధ్య ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో ఉలవపాడు వైపు నుంచి ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని కావలిలో మా నెట్ సెంటర్‌కి వచ్చింది. చేతిలో బట్టల షాపు కవరు, దాన్నిండా సర్టిఫికెట్లు. "అబ్బయ్యా, ఆప్షన్లంట, కాస్త పెట్టియ్యి" అంది. హాల్‌టికెట్ నంబరు కొట్టాను. ఓటీపీ పోయిందని స్క్రీన్ మీద పడింది కానీ కుర్రాడి ఫోన్ మాత్రం మోగలేదు. చివరి అంకెలు చూస్తే ఆ నంబరు వాళ్లింట్లో ఎవరిదీ కాదు. తీరా ఆరా తీస్తే, ఎంట్రన్స్ అప్లికేషన్ ఫ్రీగా నింపిపెడతానని ఇంటికొచ్చిన ఓ కాలేజీ పీఆర్వో అందులో తన నంబరే వేసుకున్నాడు. అంటే వీళ్లబ్బాయి ఏ కాలేజీలో చేరాలో ఆ పీఆర్వో ఫోన్ తేలుస్తుందన్నమాట.

హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్లి నంబరు మార్పించుకుని వచ్చేసరికి ఒక రోజు పోయింది. ఆప్షన్లకి, అంటే కావాల్సిన కాలేజీల్ని వరుసగా ఎంచుకోవడానికి, ఇచ్చేదే కొద్ది రోజులు. అందుకే ఏపీ ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ సీట్లకి రాసే ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ దరఖాస్తు గురించి రాయబోతూ ముందుగా ఈ మాట: అప్లికేషన్ ఎవరితో నింపించుకున్నా ఫోన్ నంబరు మాత్రం మీదే వేయించండి. పాస్‌వర్డ్ మీ చేత్తో మీరే కొట్టండి. మా సెంటర్ కుర్రాళ్లకి కూడా చెప్పొద్దు.

ముందు కట్టాల్సింది ప్రాసెసింగ్ ఫీజు. ఓసీ, బీసీలకు 1,200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600. ఆన్‌లైన్‌లోనే కట్టాలి. తర్వాత సర్టిఫికెట్ల పరిశీలన కూడా చాలామందికి ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఏదైనా తేడా ఉంటే అప్‌లోడ్ చేయమంటారు, లేదంటే హెల్ప్‌లైన్ సెంటర్‌కి రమ్మంటారు. పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ, కుల ధ్రువీకరణ, ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే ఆదాయ ధ్రువీకరణ, ఆధార్ అందరూ తెచ్చుకుంటారు. ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడిన) వాళ్లు మాత్రం పాత సర్టిఫికెట్ పట్టుకొస్తుంటారు. అది ఆ ఏడాదిదే ఉండాలి.

అందరూ తేలిగ్గా తీసుకునేది స్టడీ సర్టిఫికెట్లు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడాది ఎక్కడ చదివారో చూపించే కాగితాలివి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దులో ఉన్నవాళ్లకి అసలు తిరకాసంతా ఇక్కడే.

1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అడ్మిషన్లకి నెల్లూరు జిల్లా శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం, ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. సీట్లలో 85 శాతం ఆ ప్రాంతం లోకల్ వాళ్లకే. మిగతా 15 శాతం అన్‌రిజర్వ్‌డ్. కాబట్టి సింగరాయకొండ పిల్లకి గంట ప్రయాణంలో ఉన్న కావలి కాలేజీలో తను నాన్‌లోకల్, ఒక రాత్రంతా రైల్లో కూర్చుని పోవాల్సిన విశాఖపట్నంలో మాత్రం లోకల్! ఎవరికి చెప్పినా మొదట నమ్మరు.

మరి లోకల్ ఎలా తేలుస్తారు? ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివి ఉంటే అక్కడే లోకల్. సింగరాయకొండ అబ్బాయి పదో తరగతి దాకా సొంతూళ్లో చదివి, ఇంటర్ రెండేళ్లు నెల్లూరులో హాస్టల్లో ఉండి చదివాడనుకుందాం. తొమ్మిది, పది ప్రకాశంలో, ఇంటర్ నెల్లూరులో. వరుస నాలుగేళ్లు ఎక్కడా రాలేదు. అప్పుడు ఏడేళ్లు చూస్తారు. ఆరు నుంచి పది దాకా ఐదేళ్లు ప్రకాశం, రెండేళ్లు నెల్లూరు. ఎక్కువ ఎక్కడైతే అక్కడే, అంటే ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం లోకల్. ఇంటర్ నెల్లూరులో చదివించాం కదా, మావాడు నెల్లూరు లోకలే అనుకుని ఆప్షన్లు పెట్టుకున్న తల్లిదండ్రుల్ని ఎంతమందిని చూశానో. రేషన్ కార్డులో ఉన్న అడ్రసుకీ దీనికీ సంబంధం లేదు. చదివిన ఊళ్లే లెక్క. ఏదో ఒక ఏడాది స్టడీ సర్టిఫికెట్ లేకపోతే ఈ లెక్క అక్కడే ఆగిపోతుంది. పాత స్కూలు మూతబడితే ఇంకా తిప్పలు. అందుకే ఫలితాల దాకా ఆగకుండా వేసవిలోనే తెచ్చిపెట్టుకోండి.

ఆప్షన్లు పెట్టేముందు కాలేజీ సంగతి చూసుకోండి. బోర్డు మీద రాసుకున్నది కాదు, ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వెబ్‌సైట్‌లో ఆ ఏడాదికి అనుమతి ఉందా, ఏ బ్రాంచికి ఎన్ని సీట్లు ఇచ్చారు అనేది చూడాలి. నెల్లూరు జిల్లా ఇంజినీరింగ్ కాలేజీలకి అనుబంధం మామూలుగా జేఎన్‌టీయూ అనంతపురంతో, ప్రకాశం వాళ్లకి జేఎన్‌టీయూ కాకినాడతో ఉంటుంది. అటానమస్ అని పెద్దక్షరాల్లో వేసుకున్నా డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీయే. పేర్లు దగ్గర దగ్గరగా ఉండే కాలేజీలు బోలెడు. నాలుగక్షరాల కాలేజీ కోడ్ చూసి పెట్టండి, పేరు చూసి కాదు. ఎక్కువ ఇష్టమైనది పైన, తక్కువ ఇష్టమైనది కింద. ఇష్టం లేనిది అసలు పెట్టకండి. వరుస పూర్తయ్యాక ప్రింట్ తీసుకుని ఇంట్లో ఒకసారి పైకి చదవండి, తప్పు అప్పుడు దొరుకుతుంది.

సీటొచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, కాలేజీకి వెళ్లి కూడా రిపోర్ట్ చేయాలి. ఏది మానేసినా సీటు పోతుంది. తర్వాతి విడతలో ఇంకో సీటొస్తే పాతది దానంతటదే రద్దవుతుంది, రెండూ చేతిలో ఉండవు.

మేనేజ్‌మెంట్ కోటా

ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు), 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా (కాలేజీ నింపుకునే సీట్లు). రెండోదాంట్లో చేరడం తప్పేమీ కాదు. దానికీ నోటిఫికేషన్, దరఖాస్తు, మెరిట్ ఉండాలి. ఆ అడ్మిషన్ల జాబితాకి పైనుంచి ఆమోదం రావాలి, దాన్నే ర్యాటిఫికేషన్ అంటారు. చేరిన కొన్నాళ్లకి "మా పేరు ర్యాటిఫై అయిందా" అని కాలేజీలో అడగండి. ఈ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఎలాగోలా చేయిస్తామని చెప్పే కన్సల్టెంట్‌ని గుమ్మంలోంచే పంపించేయండి.

నిర్ణయించిన ఫీజుకి మించి డొనేషన్ పేరుతో తీసుకోవడం మన రాష్ట్రంలో 1983 నుంచే చట్టప్రకారం నేరం. అయినా అడుగుతారు. బిల్డింగ్ ఫండ్ అంటారు, మరోటంటారు. అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న వేయండి: "రశీదు ఏ పేరు మీద ఇస్తారు సార్?" కాలేజీ పేరు, తేదీ, దేనికోసమో రాసిన రశీదు ఇవ్వలేని డబ్బు కట్టొద్దు.

ఒరిజినల్స్ పట్టుకుంటే, ఫీజు తిరిగివ్వకపోతే

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, జిరాక్సులు ఉంచుకుని, అక్కడికక్కడే తిరిగిచ్చేయాలని యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఇంజినీరింగ్ కాలేజీలకి ఏఐసీటీఈ చెప్పేదీ అదే. ఫీజు వాపసుకి కూడా యూజీసీ లెక్క ఇచ్చింది. అడ్మిషన్లకి ప్రకటించిన ఆఖరు తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానేస్తే మొత్తం ఫీజు రావాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000కి మించకుండా కోసుకోవచ్చు. ఆఖరు తేదీకి 15 రోజుల లోపు అయితే 90 శాతం, తేదీ దాటిన 15 రోజుల్లో 80, ఆ పైన 30 రోజుల దాకా 50. తర్వాత ఏమీ రాదు. కాబట్టి మానేయాలని ఇంట్లో అనుకున్న రోజు కాదు, కాగితం ఇచ్చిన రోజే లెక్క. ఫోన్‌లో చెప్పాం, పీఆర్వోకి వాట్సాప్ పెట్టాం అంటే కుదరదు.

ఆ కాగితం పెద్దగా ఏమీ ఉండక్కర్లేదు. "ప్రిన్సిపాల్ గారికి. నేను ఫలానా తేదీన ఫలానా బ్రాంచిలో చేరి, ఫలానా రశీదు నంబరుతో ఇంత ఫీజు కట్టాను. ఈ రోజు నుంచి మానుకుంటున్నాను. నా పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ తిరిగి ఇవ్వగలరు, ఫీజు నా ఈ ఖాతాలో వేయగలరు." కింద సంతకం, తేదీ, రశీదు జిరాక్సు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే బయటికొచ్చి అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపి, రశీదు దాచుకోండి.

జవాబు రాకపోతే 2023 యూజీసీ నిబంధనల ప్రకారం కాలేజీలో ఉండాల్సిన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. సర్టిఫికెట్లు ఇవ్వకపోవడం, ప్రాస్పెక్టస్‌లో చెప్పినదానికంటే ఎక్కువ డబ్బు అడగడం, మెరిట్ పక్కనపెట్టి సీటివ్వడం, అన్నీ దాని పరిధిలోనివే. 15 పనిదినాల్లో కమిటీ తేల్చాలి. నచ్చకపోతే ఇంకో 15 రోజుల్లోపు యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కి (విద్యార్థుల అప్పీళ్లు తేల్చే అధికారి) అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ 30 రోజుల్లో తేల్చాలి.

దీంతోపాటు సోమవారం నెల్లూరు, ఒంగోలు కలెక్టరేట్లలో జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వొచ్చు, 1100కి ఫోన్ చేసి కూడా నమోదు చేయించుకోవచ్చు. అర్జీ నంబరు తప్పకుండా అడిగి తీసుకోండి. ముద్ర పడిన కాపీ, పోస్టాఫీసు రశీదు జతచేసిన అర్జీ అయితే టేబుల్ దగ్గర అధికారి తల పైకెత్తి చూస్తాడు. ఉత్త కన్నీళ్లతో వెళ్తే మళ్లీ కాలేజీకే వెళ్లి మాట్లాడుకోమంటారు.

ఉలవపాడు కుర్రాడికి రెండో విడతలో సీటొచ్చింది, అతను మూడో నంబరుగా పెట్టుకున్న కాలేజీలో. పీఆర్వో మాత్రం ఇంకా వాళ్లమ్మకి ఫోన్ చేస్తూనే ఉన్నాడట, ఈసారి చెల్లెలి ఇంటర్ గురించి.