మన ఇంటిపేరు ఏ దేశంలో ఎంతమందికి ఉందో లెక్క తీయడం ఎలా?

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల నుంచి విదేశాలకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలలో, తమ ఇంటిపేరు గలవారు ఇంకెక్కడెక్కడ ఉన్నారో తెలుసుకోవాలన్న కుతూహలం తరచుగా కనిపిస్తుంది. పేరు టైపు చేయగానే దేశాలవారీగా అంకెలు చూపే వెబ్‌సైట్లకు కొదవ లేదు. అయితే అవి సాధారణంగా పేరులోని చివరి మాటను లెక్కిస్తాయి, మన ఇంటిపేరేమో మొదట ఉంటుంది.

అందువల్ల ముందుగా వెదకవలసిన మాట ఏదో తేల్చుకోవాలి. అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి ఇంటిపేరు నీలం, కానీ విదేశీ పద్ధతిలో లెక్కకెక్కేది రెడ్డి. కర్నూలు జిల్లాకు చెందిన దామోదరం సంజీవయ్య విషయంలో ఇంటిపేరే సొంత పేరులా వినిపిస్తుంది. రెడ్డి, నాయుడు, శెట్టి వంటివీ, మన జిల్లాల ముస్లిం కుటుంబాలలో ఇంటిపేరు స్థానంలో రాసే షేక్, సయ్యద్, పఠాన్ వంటివీ ఒకరితో ఒకరికి బంధుత్వం లేని అసంఖ్యాక కుటుంబాలకు ఉంటాయి కనుక, వాటి సంఖ్య ఎంత పెద్దదైనా మీ వంశం గురించి చెప్పేది స్వల్పమే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలినవారి అమెరికా వీసాలో సొంత పేరే ఇంటిపేరు స్థానంలోకి పోయి, సొంత పేరు ఉండవలసిన చోట 'ఎఫ్‌ఎన్‌యు' (సొంత పేరు తెలియదు అనే అర్థం) అన్న మూడక్షరాలు పడతాయి; అలాంటివారు మీ ఇంటిపేరు కింద ఎక్కడా దొరకరు.

తరువాత ఇంగ్లీషు స్పెల్లింగులన్నీ రాసుకోవాలి. తల్లపాక అన్న ఇంటిపేరునే తీసుకుంటే, మొదటి అక్షరానికి కొందరు 'టి' ఒక్కటే రాస్తారు, కొందరు పక్కన 'హెచ్' చేరుస్తారు. 'ల్ల'కు 'ఎల్' ఒకటో రెండో, 'పా'లో 'ఏ' ఒకటో రెండో పెడతారు. ఈ మూడు చోట్ల తేడాలకే ఎనిమిది రూపాలయ్యాయి. అన్నింటినీ విడివిడిగా వెదికి కూడుకోవలసిందే.

స్వదేశంలో లెక్కకు అందుబాటులో ఉన్న మంచి ఆధారం ఓటర్ల జాబితా. రాష్ట్ర ఎన్నికల అధికారి వెబ్‌సైటులో నియోజకవర్గం, పోలింగ్ కేంద్రం ఎంచుకుంటే ఓటరు పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయస్సు కనిపిస్తాయి. ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉన్నచోట, అదే ఇంటి నంబరు కింద మరొకరి పేరు పూర్తిగా రాసి ఉందేమో చూడాలి. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊరి పేర్లే కనుక, ఆ పేరుగల ఊళ్లోనే వెదికి నిరాశపడనక్కరలేదు: ఊరు విడిచి వెళ్లినవారినే కొత్తచోట ఆ ఊరి పేరుతో పిలుస్తారు గాని, ఊళ్లో ఉన్నవారిని కాదు. చుట్టుపక్కల మండలాల జాబితాలే ఎక్కువ ఫలమిస్తాయి.

కాలక్రమంలో మార్పు తెలుసుకోవడానికి మన జనాభా లెక్కలు ఉపయోగపడవు, ఎందుకంటే 1948 నాటి చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు ఎవరికీ చూపరు. పాత ఓటర్ల జాబితాలు, అడంగళ్లు (ఊరి భూముల సాగు లెక్కలు), క్రయ దస్తావేజులే దిక్కు. ఇంకా వెనక్కి వెళ్లదలచినవారు ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్ర వృత్తాంతాలు, చూడవచ్చు. కడప జిల్లాకు చెందినవాటిని కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా ప్రచురించింది. వాటిలో పాలెగాళ్లు, కరణాలు, గ్రామాధికారుల పేర్లు వచ్చినంతగా మామూలు రైతుల పేర్లు రావు కాబట్టి, అక్కడ మీ ఇంటిపేరు లేనంత మాత్రాన అప్పట్లో ఆ కుటుంబమే లేదనుకోకూడదు.

అమెరికా విషయంలో అక్కడి జనాభా లెక్కల సంస్థ 100 మందికి తక్కువ కాకుండా ఉన్న ఇంటిపేర్లను ప్రకటిస్తుంది. 2010 జాబితాలో అలాంటివి 1,62,253 ఉన్నాయి. ఈ పరిమితి వల్ల మన ఊరి పేర్ల ఇంటిపేర్లు అనేకం అందులో కనిపించకపోవచ్చు. లేకపోవడమంటే సున్నా అనే కాదు, వంద మంది కంటే తక్కువ అని అర్థం. రెండు సంవత్సరాలను పోల్చేటప్పుడు మొత్తం జనాభాతో భాగించి చూడాలి. గుజరాతీల పటేల్ అన్న పేరు 2000లో 1,45,066 మందికి, 2010లో 2,29,973 మందికి ఉంది. సంఖ్య 58 శాతానికి పైగా పెరిగింది; అయితే దేశ జనాభా కూడా పెరిగినందున, లక్ష మందికి లెక్కవేస్తే దాదాపు 51.5 నుంచి 74.5కు, అంటే 45 శాతం లోపే పెరిగినట్లు. ప్రైవేటు వెబ్‌సైట్లు చూపే అంకెలు చాలావరకు అంచనాలే కనుక వాటిని దిశానిర్దేశానికి మించి నమ్మకపోవడం మేలు.

దక్షిణాఫ్రికాకు వలస వెళ్లినవారి సంగతి వేరు. 1860 నుంచి 1911 వరకు నేటాల్‌కు కూలీలను తీసుకుపోయిన ఓడల జాబితాలలో మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, జిల్లా రాశారు గాని ఇంటిపేరుకంటూ గడి లేదు. తరువాతి తరాలకు ముత్తాత సొంత పేరో, నాయుడు, రెడ్డి వంటి మాటో ఇంటిపేరుగా స్థిరపడింది. అందువల్ల అక్కడ ఊరి పేరు పట్టుకొని వెదకాలి. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడివడింది కాబట్టి, అంతకు ముందు ఓడలలో వెళ్లిన అనంతపురంవారిని బళ్లారి జిల్లా కింద చూడాలి; కడపను నేటి స్పెల్లింగుతో కాక, 'సి' అక్షరంతో మొదలయ్యే పాత స్పెల్లింగుతో వెదకాలి.