ఆవకాయను డెన్మార్క్ అంగళ్లకు పంపే ముందు జాగ్రత్తలు

సీసాలు నింపకముందే లేబులు తేల్చుకోండి. వివరాలు డేనిష్ భాషలో ఉండాలి, ఇంగ్లిష్ ఒక్కటే చాలదు. యూరప్‌లో దిగుమతి చేసుకునేవారి పేరు, చిరునామా కూడా ఉండాలి.

ఆవకాయకు అసలు చిక్కు అలర్జీల దగ్గర వస్తుంది. యూరోపియన్ యూనియన్ జాబితాలోని 14 పదార్థాల్లో ఆవాలూ ఉన్నాయి, నువ్వులూ ఉన్నాయి. మనం పప్పునూనె అని సరిపెట్టుకుంటాం. అక్కడ అది నువ్వులదని చెప్పాలి, ఆ పేరు మిగతా అక్షరాల కంటే కొట్టొచ్చినట్టు కనబడాలి. ఒక పిల్లవాడి ప్రాణం ఆ ఒక్క మాట మీద ఆధారపడవచ్చు.

కారం ఆడించే ముందు ప్రతి బస్తా నుంచి నాలుగు కాయలు తీసి చీల్చి చూడండి. పైకి నిగనిగలాడే కాయ లోపల గింజల చుట్టూ బూజు ఉండవచ్చు. అలాంటి బస్తాను మొహమాటపడకుండా పక్కన పెట్టండి. బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్. అందులో బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటకూడదు. కారంలో కల్తీగా కలిపే సుడాన్ రంగులు, క్రిములను చంపడానికి వాడే ఇథిలిన్ ఆక్సైడ్ వాయువు ఉన్నాయేమో పరీక్షలు కూడా చేయించండి.

ఘాటు సంగతీ చూసుకోవాలి. 2024 జూన్‌లో మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ మరీ ఎక్కువైందని మూడు రకాల కొరియా నూడుల్స్‌ను డెన్మార్క్ అధికారులు అంగళ్ల నుంచి వెనక్కి రప్పించారు.

నెయ్యి కలిసిన సరుకుకు నిబంధనలు వేరు, విడిగా విచారించండి.



ధర వేసేటప్పుడు అక్కడ ఆహారంపైనా 25 శాతం పన్ను ఉందని లెక్కలో చేర్చండి.