జీపీఆర్55 పరీక్షకు ముందు ఖాళీ కణాలు సిద్ధం చేసుకోండి

మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్లు మొదట అడిగేది ఒకటే: కణం ఉపరితలం మీద ఉండే జీపీఆర్55 అనే ప్రోటీన్, సీబీ1, సీబీ2ల తర్వాత మూడో కన్నాబినాయిడ్ (గంజాయిలో దొరికే తరహా పదార్థాల) గ్రాహకమా, కాదా? దీని జన్యువును గుర్తించింది 1999లో. 2007లో ఒక బృందం ఇది కన్నాబినాయిడ్లకు స్పందిస్తుందని ప్రకటించింది. అదే ఏడాది జపాన్ పరిశోధకులు లైసోఫాస్ఫాటిడిల్ ఇనాసిటాల్ అనే కొవ్వు దీన్ని ఉత్తేజపరుస్తుందని చూపారు. క్లుప్తంగా ఎల్‌పీఐ. తగవు ఇంకా తేలలేదు. అందుకే ఎవరి మాటా నమ్మకుండా మీ ప్లేటులోనే చూసుకోండి.

హెక్293 (మనిషి మూత్రపిండం నుంచి పెంచిన) కణాలు తీసుకోండి. సగం కణాల్లో గ్రాహకపు జన్యువు ఉన్న ప్లాస్మిడ్ (చిన్న డీఎన్ఏ వలయం), మిగతా సగంలో ఖాళీ ప్లాస్మిడ్ పెట్టండి. ఈ రెండో సగం, అంటే ఖాళీ కణాలు, లేని ఫలితాన్ని నేను చూడను కూడా చూడను. గ్రాహకం బయటి కొసకు హెచ్‌ఏ ట్యాగు (యాంటీబాడీ గుర్తుపట్టే చిన్న ముక్క) తగిలించి, కణాలకు రంధ్రాలు పడనీయకుండా యాంటీబాడీ వేస్తే, అది నిజంగా కణం ఉపరితలానికి చేరిందో లేదో తెలుస్తుంది.

ప్లేటుకు పాలీ-డి-లైసిన్ పూయడం మరవకండి. లేకపోతే కడిగేటప్పుడు కణాలు పాల మీద మీగడలా పొరగా లేచి వచ్చేస్తాయి. ముందు రోజు రాత్రి సీరం తీసేయండి: అందులోని లైసోఫాస్ఫోలిపిడ్లు గ్రాహకాన్ని ముందే తట్టి లేపుతాయి, అల్బుమిన్ మీరు వేసే ఎల్‌పీఐని పట్టేసుకుంటుంది. కణంలో కాల్షియం పెరిగితే వెలిగే ఫ్లువో-4 ఏఎమ్ రంగు 2 మైక్రోమోలార్, 37 డిగ్రీల వద్ద 45 నిమిషాలు. తర్వాత మెల్లగా కడిగి, కాసేపు చీకట్లో ఉంచండి.

ఎల్‌పీఐ 10 నానోమోలార్ నుంచి 3 మైక్రోమోలార్ వరకు, దాదాపు మూడేసి రెట్లు పెంచుకుంటూ వేయండి. ఇంకా పైకి పోవద్దు. ఆ మోతాదుల్లో అది సబ్బులా కణపు పొరను కదిలించే ప్రమాదం ఉంది. మందులను కరిగించే డీఎంఎస్‌ఓ అన్ని గుంటల్లోనూ ఒకే పాళ్లలో, 0.1 శాతం లోపు ఉండాలి. మొదట 30 సెకన్ల ఆధార రేఖ, చివర కాల్షియాన్ని గరిష్ఠానికి లేపే అయనోమైసిన్. ఒక్క శిఖరం చూసి ఆపకండి. జీపీఆర్55 జీ13, రోఏ అనే ప్రోటీన్ల దారిలో కాల్షియాన్ని కదిలిస్తుంది, గీత అలల్లా ఎగిసిపడుతూ చాలాసేపు సాగవచ్చు. కనీసం అయిదు నిమిషాలు నమోదు చేయండి.

అసలు చిక్కు అడ్డుకునే మందులో ఉంది. సీబీ1ను అడ్డుకుంటాయని అందరూ వాడే రిమోనాబాంట్, ఏఎమ్251 రెండూ జీపీఆర్55ను ఉత్తేజపరచగలవు! సీబీ1 కాదని నిరూపించడానికి వాటిని వేస్తే ఫలితం తలకిందులవుతుంది. జీపీఆర్55నే అడ్డుకునే ఎంఎల్193 గానీ సీఐడీ16020046 గానీ వాడండి.

ఇక కన్నాబినాయిడ్ల వంతు, వాటినీ ఇలాగే వేయండి. ఒక మోతాదుకు ఖాళీ కణాల గీత కూడా పైకి లేస్తే, ఆ మోతాదును లెక్కలోంచి తీసేయండి. మిగిలిన పలుచని ద్రావణాలను మర్నాటికి దాచవద్దు, ఆ కొవ్వంతా గొట్టం గోడకే అంటుకుంటుంది.