గ్రాఫ్ కనిపించకపోతే విండో చూడండి: టీఐ-84తో తొలి పాఠాలు

ఇంటర్మీడియట్‌లో లాగరిథమ్ టేబుళ్లు తిరగేసి లెక్కలు చేసినవారికి, ఎంసెట్, జేఈఈ పరీక్షలను క్యాలిక్యులేటర్ లేకుండానే రాసినవారికి, అమెరికాలో హైస్కూలు చదివే తమ పిల్లలు కొనాల్సిన వస్తువులలో గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ ఉండడం వింతగానే తోస్తుంది. అక్కడ ఆల్జీబ్రా 2 మొదలుకొని, హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాల్క్యులస్ దాకా చాలా తరగతులలో పాఠం ఈ యంత్రం చేతిలో ఉందన్న లెక్కతోనే సాగుతుంది. 1985లో క్యాసియో సంస్థ ఎఫ్ఎక్స్-7000జీతో ఈ రకానికి శ్రీకారం చుట్టినా, అమెరికా బడులలో ఎక్కువగా కనిపించేవి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి 2004 నాటి టీఐ-84 ప్లస్, 2015లో రంగుల తెరతో వచ్చిన దాని సీఈ నమూనా. అందువల్ల ఇక్కడ చెప్పేదంతా ఆ రెండింటికి సంబంధించినదే.

మొట్టమొదట తెలుసుకోవలసినది ఈ యంత్రానికి మైనస్‌లు రెండున్నాయని. కుడివైపు నిలువు వరుసలో ఉన్నది తీసివేతకు. అడుగు వరుసలో ఎంటర్ పక్కన బ్రాకెట్ల మధ్య ఉన్నది రుణ సంఖ్యకు. ఖాళీ వరుసలో తీసివేత మీటతో మొదలుపెడితే, మీరు అడగకుండానే ‘ఆన్స్’ అనే మాట ముందు చేరి, పాత జవాబులో నుంచి తీసివేయడం మొదలవుతుంది. సమీకరణం మొదట్లోనే ఆ మీట నొక్కితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. రుణ గుర్తు సరిగా వాడినా మరో చిక్కుంది: −3²కు జవాబు −9, ఎందుకంటే యంత్రం ముందు వర్గం చేసి తర్వాతే గుర్తు చేరుస్తుంది; 9 కావాలంటే −3ను బ్రాకెట్లలో పెట్టాలి. ఇది యంత్రం తప్పు కాదు, మన బడిలో చెప్పిన నియమమే.

మోడ్ మీట నొక్కితే రేడియన్, డిగ్రీ అన్న రెండు మాటలు కనిపిస్తాయి. సైన్ 30కి 0.5 బదులు −0.988 వచ్చిందంటే యంత్రం రేడియన్లలో ఉందని అర్థం. జ్యామితి తరగతిలో డిగ్రీలు కావాలి, కాల్క్యులస్‌లో ఎప్పుడూ రేడియన్లే కావాలి.

ఇక అసలు విద్య విండోను అమర్చుకోవడం. వై ఈక్వల్స్ మీట నొక్కి, వై1 ఎదుట ఎక్స్² − 50ఎక్స్ + 600 అని ఎక్కించి, జూమ్‌లో 6వ అంశమైన స్టాండర్డ్ ఎంచుకోండి. తెర మీద అక్షాలు తప్ప ఏమీ కనిపించదు. చాలామంది పిల్లలు ఇక్కడే యంత్రం చెడిపోయిందనుకుంటారు. స్టాండర్డ్ విండో రెండు అక్షాల మీదా −10 నుంచి 10 వరకే చూపే కిటికీ. మన పరావలయం ఆ కిటికీకి అవతల ఎక్కడో ఉంది. దాన్ని వెతకడానికి జూమ్‌ను గుడ్డిగా నొక్కుతూ పోవడం కన్నా పట్టికను అడగడం మేలు. సెకండ్ అనే మీట, దాని తర్వాత విండో మీట నొక్కి ఆరంభ విలువ 0గా, పెంపు 5గా పెట్టి, సెకండ్, గ్రాఫ్ నొక్కితే ఎక్స్ 0 నుంచి 30 వరకు వై విలువలు 600, 375, 200, 75, 0, −25, 0 అని వరుసగా కనిపిస్తాయి. రేఖ 20 దగ్గర అక్షాన్ని దాటి, 25 దగ్గర అట్టడుగుకు దిగి, 30 దగ్గర మళ్లీ పైకి వస్తోందని తెలిసిపోయింది. ఇప్పుడు విండోలో ఎక్స్‌ను 0 నుంచి 50 వరకు, వైని −40 నుంచి 100 వరకు ఉంచండి. వై పైహద్దు 600 పెట్టినా గ్రాఫ్ వస్తుంది కానీ, అడుగున ఉన్న ఆ చిన్న లోతు అక్షానికి అతుక్కుపోయి సరిగా కనబడదు.

గ్రాఫ్ కనిపించాక మూలాలు కనుక్కోవడం తేలికే. సెకండ్, ట్రేస్ నొక్కి కాల్క్ జాబితాలో జీరో ఎంచుకుంటే, మూలానికి ఎడమ హద్దు, కుడి హద్దు, ఒక ఉజ్జాయింపు అడుగుతుంది. ఎడమ హద్దు రేఖ అక్షాన్ని దాటకముందు, కుడి హద్దు దాటిన తర్వాత ఉండాలి. రెండు మూలాలూ ఒకే హద్దుల మధ్య పడకూడదు. అదే జాబితాలోని మినిమమ్ కనిష్ఠ బిందువును ఇస్తుంది. అక్కడ 25కు బదులు 24.999998 వంటిది కనిపిస్తే కంగారు వద్దు: యంత్రం బీజగణితం చేయదు, దగ్గరదగ్గరగా వెతుకుతుంది. 2ఇ−12 (అంటే 2 × 10⁻¹²) వంటి రాత కూడా ఇక్కడ సున్నాకే మారుపేరు.

చేత్తో సాధించలేని సమీకరణాల దగ్గరే ఈ పెట్టె విలువ తెలుస్తుంది. 2 ఘాతం ఎక్స్, ఎక్స్ + 5కు సమానమనుకుందాం. ఎక్స్ = 3 అని చూపుతోనే చెప్పవచ్చు, అక్కడే ఆగిపోతాం కూడా. ఎడమ భాగాన్ని వై1లో, కుడి భాగాన్ని వై2లో వేసి స్టాండర్డ్ విండోలో చూస్తే −5కు సమీపంలో మరో ఖండన బిందువు కనిపిస్తుంది. కాల్క్‌లో ఇంటర్‌సెక్ట్ ఎంచుకుని, ఉజ్జాయింపు అడిగినప్పుడు బాణం మీటతో కర్సర్‌ను దాని దగ్గరకు జరిపితే −4.968 వస్తుంది. జరపకపోతే 3నే మళ్లీ ఇచ్చే అవకాశం ఉంది.

దొరికిన విలువను కాగితం మీద కుదించి రాసుకుని తర్వాతి మెట్టులో మళ్లీ ఎక్కించడం చెడ్డ అలవాటు. జీరో కనుక్కున్న వెంటనే హోమ్ తెరకు వెళితే ఎక్స్‌లో ఆ విలువ పూర్తిగా ఉంటుంది. ఎస్‌టీవో మీటతో దాన్ని ఏ అక్షరంలోనైనా దాచుకోవచ్చు. ఏపీ కాల్క్యులస్‌లో తుది జవాబు మూడు దశాంశ స్థానాల వరకు సరిగా ఉండాలి కనుక ఇది మార్కులకు సంబంధించిన విషయమే. నిశ్చిత సమాకలనిని (డెఫినిట్ ఇంటిగ్రల్‌ను) యంత్రంతో లెక్కించినా, ఆ సమాకలనిని గణిత భాషలో కాగితం మీద రాయాలి. ఏ మీటలు నొక్కారో రాస్తే సరిపోదు.

అమెరికా కాలేజీ ప్రవేశాలకు కంప్యూటర్ మీద జరిగే శాట్ పరీక్షలో డెస్మోస్ అనే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ తెరలోనే ఉంటుంది కాబట్టి దాన్నీ వాడి చూడాలి.

పరీక్షకు ముందు రాత్రి సీఈని ఛార్జింగ్‌లో పెట్టాలి. పాత టీఐ-84 అయితే నాలుగు ట్రిపుల్ ఏ బ్యాటరీలు అదనంగా ఉంచుకోవాలి. కొందరు ఉపాధ్యాయులు పరీక్షకు ముందు యంత్రం మెమరీని రీసెట్ చేయిస్తారు. అప్పుడు మోడ్ మళ్లీ రేడియన్లకు వెళ్లిపోతుంది గనుక, త్రికోణమితి లెక్క ముట్టుకునేముందు సైన్ 30 ఒకసారి నొక్కి చూడండి.