కె-పాప్‌కి మీ బాణీ వెళ్లాలంటే ఏం చేయాలి?

2009లో కె-పాప్ (కొరియా పాప్ సంగీతం) బృందం గర్ల్స్ జనరేషన్‌కి పెద్ద పేరు తెచ్చిన 'జీనీ' ట్యూన్‌లో నార్వేకి చెందిన డిజైన్ మ్యూజిక్ బృందం చెయ్యి ఉంది. 2020లో బిటిఎస్‌ని మొదటిసారి అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో ఒకటో స్థానానికి తీసుకెళ్లిన 'డైనమైట్' రాసింది డేవిడ్ స్టూవర్ట్, జెస్సికా ఆగోంబార్ అనే ఇద్దరు బ్రిటన్ వాళ్లు. అంటే కొరియన్లు కాని వాళ్ల పాటలు కూడా సియోల్‌కి చేరతాయి. ఆ పాటల్ని చేరవేసి, తర్వాత వాటి డబ్బుని రాసినవాళ్ల దాకా తెచ్చే పనే మ్యూజిక్ పబ్లిషింగ్. మంచి ట్యూన్ కట్టడం మీ చేతిలో పని. అది వెళ్లే దారి తెలియకపోతే మాత్రం ట్యూన్ ఎక్కడికో పోతుంది, మీ పేరు ఇంకెక్కడో మిగిలిపోతుంది.

మొదట, పాట వేరు రికార్డింగ్ వేరు అని తెలుసుకోండి

బాణీ, సాహిత్యం కలిస్తే 'పాట'. దాన్ని ఫలానా బృందం పాడగా తయారైన ఆడియో 'రికార్డింగ్'. రికార్డింగ్ హక్కు ఎంటర్‌టైన్‌మెంట్ కంపెనీది. పాట హక్కు రాసినవాళ్లది, వాళ్ల తరఫున పబ్లిషర్‌ది. మీరు వెళ్లేది ఈ రెండో గుమ్మంలోంచి.

డబ్బు లెక్క చూస్తే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. కొరియా స్ట్రీమింగ్ సైట్లలో 2019 నుంచి అమల్లో ఉన్న పంపకం ప్రకారం, వచ్చిన ప్రతి 100 వన్‌లలో (వన్ అంటే కొరియా డబ్బు) 65 హక్కుదారులకు వెళ్తాయి. అందులో రికార్డింగ్ యజమానికి 48.25, పాడి వాయించినవాళ్లకు 6.25, పాట రాసినవాళ్లకు 10.5. ఆ 10.5నే గీత రచయితలు, ట్యూన్ కట్టినవాళ్లు, అరేంజర్లు, పబ్లిషర్లు పంచుకోవాలి. చిన్న మొత్తం అనిపిస్తుంది. కానీ సీడీ అమ్మినా, టీవీలో వేసినా, కచేరీలో పాడినా పాట వాటా విడిగా వస్తుంది. కె-పాప్‌లో సీడీల అమ్మకం ఇంకా జోరుగానే ఉంది. 2023లో కొరియా సర్కిల్ చార్ట్ లెక్కల్లో ఆల్బమ్‌ల అమ్మకాలు 10 కోట్లు దాటాయి.

క్రెడిట్లు చదవడం నేర్చుకోండి

మీకు నచ్చిన పది పాటలు తీసుకుని ఎవరు రాశారో చూడండి. కొరియా క్రెడిట్లలో మూడు మాటలు కనిపిస్తాయి. జక్సా అంటే సాహిత్యం, జక్‌గోక్ అంటే సంగీతం, ప్యొన్‌గోక్ అంటే అరేంజ్‌మెంట్. అరేంజర్‌కి కూడా పాట హక్కులో వాటా ఇవ్వడం అక్కడి పద్ధతి. వాయిద్యాల ట్రాక్ మీరే చేస్తే ఆ మూడో వరసలో కూడా మీ పేరు ఉండాలని అడగండి. పాట రాసినవాళ్ల తరఫున డబ్బు వసూలు చేసే కొరియా రచయితల సంఘం కోమ్కా 1964లో పుట్టింది. దాని వెబ్‌సైట్‌లో పాట పేరుతో వెతికితే ఎవరెవరు నమోదయ్యారో, వాళ్ల పబ్లిషర్ ఎవరో తెలుస్తుంది. తలుపు తట్టాల్సిన వాళ్ల జాబితా మీకు అక్కడే దొరుకుతుంది.

మన దగ్గర కాగితాలు సరిచేసుకోండి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటి స్టూడియోలో పనిచేసేవాళ్లు ముందు ఐపిఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోవాలి. మన రచయితలు, సంగీత దర్శకుల సంఘం అది, 1969 నాటిది. కోమ్కాలాగే అదీ ఇలాంటి సంఘాల అంతర్జాతీయ సమాఖ్య సిసాక్‌లో సభ్య సంస్థ. చేరాక మీకు ఐపిఐ నంబర్ వస్తుంది. ప్రపంచంలో మీ పేరు ఉన్నవాళ్లు ఎందరున్నా ఆ నంబర్ మీ ఒక్కరిదే. అది లేకుండా కొరియాలో పాట నమోదైతే, 'కిరణ్ కుమార్' అన్న పేరు మీద వచ్చిన డబ్బు ఏ కిరణ్ కుమార్‌దో తేల్చుకోలేక ఆగిపోతుంది.

పాత ఒప్పందాలు కూడా ఒకసారి తిరగేయండి. ఏ ఆడియో కంపెనీకైనా 'ఇకపై చేసే పాటలన్నీ' అని రాసిచ్చి ఉంటే, కొత్త పాట మీ చేతిలో లేనట్టే.

డెమో చేయండి

మన సినిమా సిటింగ్స్‌లో ట్యూన్ ముందు, సాహిత్యం తర్వాత కదా. కె-పాప్ పద్ధతి కూడా దాదాపు అదే. మీరు డమ్మీ లిరిక్స్ ఇంగ్లీషులో రాసి, బాగా పాడగల ట్రాక్ సింగర్ చేత పాడించి నమూనా రికార్డింగ్ చేయాలి, అదే డెమో. డమ్మీయే కదా అని పొడి మాటలు వేయకండి. చెవిలో నిలిచిపోయే హుక్ లైన్‌లోని ఇంగ్లీషు మాట చాలాసార్లు చివరి పాటలోనూ అలాగే నిలిచిపోతుంది.

పాట నిర్మాణం మీద మనసు పెట్టండి. బృందంలో ఐదుగురో తొమ్మిదిమందో ఉంటారు, ప్రతి ఒక్కరికీ ఒక మెరుపు దక్కాలి. అందుకే ఒకే పాటలో చరణం, దాన్ని పల్లవి వైపు ఎత్తే భాగం, పల్లవి, పల్లవి తర్వాత ఇంకో చిన్న హుక్, ర్యాప్, డాన్స్‌కి వదిలిన చోటు, చివర్లో గొంతు విప్పే ఘట్టం ఇలా ఎన్నో ముక్కలుంటాయి. 2013లో వచ్చిన 'ఐ గాట్ ఎ బాయ్' మధ్యలో నడకే మారిపోతుంది. మన చెవికి ఇది కొత్తేం కాదు. పల్లవి ఒక తాళంలో, చరణం ఇంకో తాళంలో నడిచే పాటలు వింటూ పెరిగినవాళ్లం. నా దృష్టిలో తెలుగు సంగీతకారుడికి ఇది నిజమైన బలం.

వేరేవాళ్ల రికార్డింగ్‌లోంచి తీసిన ముక్క (శాంపిల్) ఒక్కటి కూడా వాడకండి. వాయిద్యాల ట్రాకులు, గొంతులు విడివిడిగా దాచుకోండి. పాట ఓకే అయిన రోజున వాళ్లు మొదట అడిగేవి అవే.

పాట పుట్టిన రోజే వాటాలు రాసుకోండి

ఈ ఒక్క అడుగు కోసమే ఈ వ్యాసం మొదలుపెట్టాను. ముగ్గురు స్నేహితులు రాత్రంతా కూర్చుని పాట చేస్తారు. ఒకరు ట్రాక్, ఒకరు ట్యూన్, ఒకరు మాటలు. అప్పుడు వాటా మాటెత్తడం మొహమాటం. పాట ఓకే అయ్యాక ఎత్తితే అది తగాదా. అందుకే స్టూడియోలోంచి లేచే ముందే ఒక కాగితం మీద పాట పేరు, తేదీ, అందరి అసలు పేర్లు, ఐపిఐ నంబర్లు, ఎవరికెంత శాతం రాసి సంతకాలు చేయండి. ఇదే స్ప్లిట్ షీట్. మొత్తం 100 రావాలి, అంతే. సియోల్‌లో కంపెనీలు నడిపే సాంగ్ క్యాంపుల్లోనూ ట్రాక్ చేసేవాళ్లు, ట్యూన్ కట్టేవాళ్లు ఒకే గదిలో కూర్చుంటారు. అక్కడా ఈ కాగితం మామూలే, ఎవరూ దాన్ని అనుమానంగా చూడరు.

కొరియన్ సాహిత్యానికి వేరే వాటా పోతుందని కూడా ముందే అనుకోండి. మీ డెమోని కంపెనీ ఒకేసారి చాలామంది గీత రచయితలకు పంపుతుంది. అక్షరాల లెక్క ట్యూన్‌కి సరిపోయేలా వాళ్లు రాసిన వాటిలోంచి ఎంచుకుంటుంది. ఇద్దరు ముగ్గురి పంక్తులు కలపడమూ ఉంటుంది. కాబట్టి కాగితం మీద మీరు రాసుకున్న 40 శాతం, చివరికి 20కో 25కో తగ్గవచ్చు. తగ్గింపు అందరికీ ఒకే నిష్పత్తిలో ఉంటుందని స్ప్లిట్ షీట్‌లోనే ఒక వాక్యం చేర్చండి.

పబ్లిషర్‌ని వెతకండి

పెద్ద కంపెనీల్లో పాటల్ని ఎంపిక చేసే ఎ అండ్ ఆర్ విభాగాలు ఎక్కువగా తమకు తెలిసిన పబ్లిషర్ల నుంచే పాటలు తీసుకుంటాయి. ఫలానా బృందానికి ఫలానా తరహా పాట కావాలన్న సమాచారం కూడా ముందు వాళ్లకే వెళ్తుంది. సోనీ, వార్నర్ చాపెల్ వంటివాటికి సియోల్‌లో శాఖలున్నాయి. కొరియా పెద్ద ఎంటర్‌టైన్‌మెంట్ కంపెనీల్లో జెవైపికి సొంత పబ్లిషింగ్ సంస్థ ఉంది, ఎస్ఎం 2023లో క్రియేషన్ మ్యూజిక్ రైట్స్‌ని మొదలుపెట్టింది. మూడు మంచి డెమోలు, రెండు వాక్యాల పరిచయం చాలు. పాట వినడానికో క్యాంపులో చోటివ్వడానికో ముందే డబ్బు అడిగేవాళ్ల జోలికి వెళ్లకండి. పబ్లిషర్ సంపాదన మీ పాట ఆడితే వచ్చే దాంట్లోంచే రావాలి.

ఒప్పందంలో ఒక మాట కోసం వెతకండి

ఎన్నేళ్లు, ఏయే దేశాలు, పాట ఎక్కడా వాడకపోతే హక్కు ఎప్పుడు తిరిగొస్తుంది, ఇవి అందరూ చూస్తారు. చాలామంది చూడనిది, మీ శాతాన్ని ఎక్కడ లెక్కేస్తారన్నది. ఉదాహరణకు మీ పబ్లిషర్ 25 శాతం, అతని తరఫున సియోల్‌లో పనిచేసే సబ్ పబ్లిషర్ 15 శాతం తీసుకుంటారనుకుందాం. 'చేతికి అందిన దాంట్లో' అని రాసి ఉంటే, కొరియాలో వచ్చిన 100లో 15 పోయి 85 మిగులుతుంది, దాంట్లో 75 శాతం అంటే మీకు 63.75. అదే 'మూలం దగ్గర' అని రాసి ఉంటే మీకు 75 వస్తుంది, సబ్ పబ్లిషర్ 15ను మీ పబ్లిషర్ తన వాటాలోంచి ఇచ్చుకుంటాడు. రెండు మాటల తేడాకి ఇంత దూరం. సంతకానికి ముందు కాపీరైట్ తెలిసిన లాయర్‌కి చూపించండి.

పాట విడుదలయ్యాక

పాట నచ్చితే 'హోల్డ్' పెడతారు, అంటే వేరే ఎవరికీ ఇవ్వొద్దని. నెలలు పట్టొచ్చు, చివరికి వద్దనవచ్చు. హోల్డ్ ఎప్పటిదాకానో మెయిల్‌లో రాయించుకోండి.

విడుదలైన వారంలోనే కోమ్కా నమోదు చూడండి. మీ పేరు, ఐపిఐ నంబర్, శాతం, పబ్లిషర్ పేరు సరిగ్గా ఉన్నాయా? అదే పాటని ఐపిఆర్‌ఎస్‌లోనూ నమోదు చేయండి. ఎందుకంటే డబ్బు రెండు కాలువల్లో వస్తుంది. ఒకటి సబ్ పబ్లిషర్ మీదుగా మీ పబ్లిషర్‌కి, ఇంకొకటి టీవీ, కచేరీల వంటి ప్రదర్శనల్లో రచయిత వాటాగా కోమ్కా నుంచి ఐపిఆర్‌ఎస్‌కి. విదేశీ డబ్బు చేరడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. డబ్బు లెక్క చూపే మొదటి స్టేట్‌మెంట్ వచ్చాక పాట విడుదలైన తేదీ, దేశాల పేర్లు, మీ శాతం పక్కన పెట్టుకుని వరసవరసా సరిచూడండి. తేడా కనిపిస్తే అదే వారం పబ్లిషర్‌కి రాయండి, మెయిల్‌తో పాటు ఆ రాత్రి సంతకాలు చేసిన స్ప్లిట్ షీట్ ఫొటో కూడా జత చేయండి.