నెట్‌లో చూపించే ఫ్లైట్ టైమ్ నమ్మి రెండో టికెట్ విడిగా కొనకండి

పోయిన వారం తెలిసినావిడ ఒకరు, డెబ్బై దాటిన మనిషి, కనెక్టింగ్ ఫ్లైట్ మిస్సయ్యి పధ్నాలుగు గంటలు ట్రాన్సిట్‌లో ఇనప కుర్చీలో కూర్చుండిపోయారు, బీపీ మాత్రలేమో చెకిన్ చేసిన సూట్‌కేస్‌లో ఉన్నాయి. బుక్ చేసింది వాళ్ళబ్బాయే. మొదటి టికెట్‌లో ప్రయాణం పదిన్నర గంటలని ఉంది, నెట్‌లో దూరం కొట్టి చూస్తే తొమ్మిదే అని వచ్చింది, ఎలాగూ ముందే దిగుతుందిలే అని గంటా ఇరవై నిమిషాల గ్యాప్‌తో రెండో టికెట్ విడిగా కొన్నాడు. ఈ ఒక్క తప్పుకే ఎంతమంది బలైపోయారో నేను చూశాను.

ముందు నెట్‌లో వచ్చిన ఆ తొమ్మిది గంటల అంకె సంగతి. భూగోళం మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి లాగితే ఎంత పొడవొస్తుందో అదే ఆ కిలోమీటర్లు, దాన్ని గంటకి 850, 900 స్పీడుతో భాగించేస్తారు, అంతే. గాలి అందులో ఉండదు. పైన జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి న్యూయార్క్ నుంచి లండన్ సుమారు ఏడు గంటలైతే, అదే దారిలో వెనక్కి ఎనిమిది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోసి ఒక విమానం ఐదు గంటల్లోపే లండన్ చేరింది. మూసేసిన గగనతలం కూడా ఆ అంకెలో ఉండదు. హెల్సింకి నుంచి టోక్యో తొమ్మిదిన్నర గంటల్లో వెళ్ళేవాళ్ళు, 2022లో రష్యా మీదుగా దారి మూసుకుపోయాక దాదాపు పదమూడు పడుతోంది. దూరం మారలేదు, దారి మారింది.

ఇక టికెట్లు. రెండూ ఒకే పీఎన్‌ఆర్, అంటే ఒకే బుకింగ్ నంబర్ మీద ఉంటే మొదటిది లేటైనా తర్వాతి ఫ్లైట్‌లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. విడివిడిగా కొంటే రెండో వాళ్ళకి మీ లేటుతో సంబంధం లేదు, నో-షో, అంటే మనిషి రాలేదు అని రాసేస్తారు, అదే టికెట్‌లో రిటర్న్ ఉంటే చాలాసార్లు అదీ పోతుంది. పైగా మామూలుగా ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి బ్యాగులు తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాలి, అంటే ఆ దేశం వీసా కావాల్సి రావచ్చు, కౌంటర్ చూస్తే చాలాచోట్ల గంట ముందే మూసేస్తారు. గంటా ఇరవైలో గంట అక్కడే పోయింది, ఇరవై నిమిషాల్లో ఏం చేస్తారు చెప్పండి?

కాబట్టి ఒకే పీఎన్‌ఆర్. తప్పదంటే కనీసం ఐదు గంటల గ్యాప్ పెట్టండి. రెండోది ఆ రోజు ఆఖరి ఫ్లైట్ అయితే కొననే కొనకండి. టికెట్ మీద టైములు ఏ ఊరివి ఆ ఊరి లోకల్ టైములు, మీ వాచీతో కూడికలు తీసివేతలు చేయకండి. అర్ధరాత్రి 12:20 అని ఉంటే ముందు రోజు రాత్రే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి, తేదీ చూసి మర్నాడు వెళ్ళి ఏడ్చినవాళ్ళున్నారు. పసిఫిక్ దాటుతుంటే తేదీ మారిపోతుంది, రెండుసార్లు చూడండి. వెళ్ళేటప్పుడు పట్టిన టైమే వచ్చేటప్పుడూ పడుతుందనుకోవద్దు. టెర్మినల్ మారాలా కనుక్కోండి. పన్నెండు, పదిహేను గంటలు కదలకుండా కూర్చోకండి, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, లేచి నడవండి. ముందే దిగుతుందిలే అనుకోకండి, మళ్ళీ చెప్తున్నా, అనుకోకండి. పెద్దవాళ్ళని ఒంటరిగా పంపేటప్పుడైతే విడి టికెట్లు అసలే వద్దు. మందులు చేతి బ్యాగ్‌లో, డాక్టర్ చీటీతో సహా, రెండు రోజులకి ఎక్కువే పెట్టండి.