పెట్రోల్ ఎస్‌యూవీకి డీజిల్ ఇంజిన్ వేశాక బండి మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

ఇంజిన్ దిగింది, గేర్‌బాక్స్ కుదిరింది, మొదటిసారి స్టార్ట్ కూడా అయింది. అసలు తిప్పలు మర్నాడు పొద్దున మొదలవుతాయి. సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ పట్టదు. అలాంటి బండి నా దగ్గరికి వచ్చేసరికి డీజిల్ పంపు ఓవర్‌హాలింగ్ అయిపోయి ఉంటుంది, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు టెస్ట్ చేయించి ఉంటారు, బ్యాటరీ కొత్తది ఉంటుంది. ట్యాంకు మూత తీసి చూశారా అని అడిగితే మాత్రం జవాబు రాదు.

ఇక్కడ చెప్పేది కంప్యూటర్ లేకుండా ఇంజిన్ తిప్పితే నడిచే మెకానికల్ పంపు ఉన్న డీజిల్ ఇంజిన్‌ను పెట్రోల్ ఇంజెక్షన్ బండిలో వేసినప్పటి సంగతి. లైన్లో ఎయిర్ తీయడం, మీటర్ పట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది

బ్యాటరీని అనుమానించే ముందు ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కు, బాడీకి కలిపే తీగ) చూడండి. పెట్రోల్ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి 9 నుంచి 11 దాకా ఉంటే, పాత డీజిల్‌ది 20 పైమాటే. దాన్ని తిప్పడానికి సెల్ఫ్ మోటార్ చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. పెట్రోల్ ఇంజిన్‌కు సరిపోయిన సన్నటి ఎర్త్ పట్టీ దీనికి చాలదు. ఇంజిన్ దించేటప్పుడు విప్పిన ఆ పట్టీని తిరిగి బిగించడమే మరిచిపోయిన బండ్లు కూడా చూశాను. సెల్ఫ్ కొడుతుండగా మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొన ఇంజిన్ బ్లాకు మీద పెట్టండి. అర వోల్టు దాటితే లోపం ఎర్త్‌లోనే ఉంది. లావు కేబుల్ వేసి, అది కూర్చునే చోట పెయింటు గీకి బిగించండి.

సెల్ఫ్ కొట్టినంతసేపూ పట్టదు, తాళం వదిలిన క్షణంలో పట్టుకుంటుంది

ఇది చూడగానే తెలిసిపోతుంది. పంపు మీది స్టాప్ సోలినాయిడ్‌కు (కరెంటు ఉంటేనే డీజిల్ వదిలే వాల్వ్‌కు) రేడియో, ఫ్యాన్ల లైను నుంచి కరెంటు ఇచ్చారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ లైను ఆగిపోతుంది, దాంతో పంపు డీజిల్ మూసేస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా కరెంటు ఉండే ఇగ్నిషన్ వైరుకు మార్చండి. స్టార్ట్ చేసే ముందు సిలిండర్లను వేడిచేసే హీటర్ ప్లగ్గులకు రిలే లేకుండా తాళం స్విచ్ నుంచే నేరుగా కరెంటు ఇచ్చి ఉంటే అదీ ఇప్పుడే మార్చేయండి, ఆ స్విచ్ కాలిపోతుంది.

రాత్రి నిలిపితే పొద్దున పట్టదు, లేదా కొంత దూరం పోయాక నీరసించి ఆగిపోతుంది

నూటికి తొంభై మంది పంపును తిట్టేది ఇక్కడే. ముందు రెండు పరీక్షలు చేయండి. రెండూ కలిపి చేతిపని అరగంట పట్టదు, రెండోదానికి మాత్రం ఒక రాత్రి ఆగాలి.

మొదటిది ట్యాంకు మూత. బండి నీరసించిన వెంటనే మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి బాగా నడిస్తే ట్యాంకుకు ఊపిరి ఆడటం లేదన్నమాట. పెట్రోల్ బండిలో ట్యాంకు ఆవిరి బొగ్గు డబ్బాలోకి వెళ్లే పైపు ఒకటి ఉంటుంది. పాత ఇంజిన్‌తో పాటు ఆ డబ్బాను కూడా తీసేసి, పైపు కొనకు బోల్టు దూర్చి క్లిప్పు వేసేస్తారు. బయటి గాలి రావడానికి దారి లేక ట్యాంకులో వాక్యూమ్ పెరుగుతూ పోతుంది. ఆ పైపు తెరిచి, దుమ్మూ నీళ్లూ పోని చోటికి ఎత్తి కట్టి, చిన్న ఫిల్టర్ పెడితే సరిపోతుంది.

రెండోది డబ్బా పరీక్ష. శుభ్రమైన డీజిల్ 5 లీటర్లు ఒక డబ్బాలో పోయండి. కొత్త హోస్‌తో నేరుగా ఫిల్టర్ ఇన్‌లెట్‌కు కలపండి, రిటర్న్ కూడా డబ్బాలోకే వదలండి. డబ్బాను పంపు కంటే కిందనే ఉంచండి. పైన పెడితే డీజిల్ దానంతట అదే కిందికి దిగి, ఎయిర్ లాగే చోటు ఏదైనా ఉంటే దాన్ని కప్పేస్తుంది. ఎయిర్ తీసి నడపండి, ఒక రాత్రి వదిలేసి పొద్దున కొట్టండి. ఒక్క తిప్పుకు పట్టిందా? పంపు మంచిది, నాజిళ్లు మంచివి. లోపం ట్యాంకులోనో, ట్యాంకుకు ఫిల్టర్‌కు మధ్యనో ఉంది. ఇంత తేలిక పరీక్ష వదిలేసి జనం పంపులు ఎందుకు విప్పిస్తారో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక ఆ మధ్యలో ఏముందో చూద్దాం. పెట్రోల్ బండిలో మోటారు ట్యాంకులోనే ఉండి పెట్రోల్‌ను సుమారు 3 బార్ ఒత్తిడితో ముందుకు తోస్తుంది. మెకానికల్ డీజిల్ పంపు ముందుండి వెనక నుంచి లాగుతుంది. లైను అదే, పని తలకిందులైంది. తోసే లైనులో జాయింటు వదులైతే బయటికి కారుతుంది, వాసన వస్తుంది, కంటికి కనబడుతుంది. లాగే లైనులో వదులైతే చుక్క కూడా కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే అంతా పొడిగా ఉందని, లీకు లేదని ధైర్యంగా చెప్పేస్తారు. పాత ప్లాస్టిక్ క్లిక్ జాయింట్లు, వాటిలో ఎండిపోయిన ఓ-రింగులు, స్క్రూ క్లిప్పుల కింద నలిగిన హోస్‌లు అన్నీ ఇందులో అనుమానితులే.

ఫిల్టర్‌కు, పంపుకు మధ్య ఒక జానెడు పారదర్శక హోస్ వేసి చూడండి. వంపులో కదలకుండా నిలిచిన ఒకటి రెండు బుడగలను పట్టించుకోవద్దు. ఆవగింజంత బుడగలు వరసగా పంపు వైపు పరుగెత్తుతుంటే ఎయిర్ లాగుతున్నట్టే. రాత్రి బండిని ముందు భాగం పల్లంలో ఉండేలా నిలపండి. పొద్దున ఇబ్బంది లేకుండా పట్టి, ఎత్తున నిలిపినప్పుడు పట్టకపోతే డీజిల్ వెనక్కి జారిపోతోంది. పల్లంలో నిలిపిన రాత్రి ఏదో ఒక జాయింటు కింద తడి కనబడితే ఇంకేం కావాలి, దొంగ దొరికినట్టే.

ఏ తడీ కనబడని బండి ఒకటి నన్ను మూడు వారాలు తిప్పింది. ట్యాంకు నిండా ఉంటే ఏ తంటా లేదు. సగానికి దిగాక పొద్దున స్టార్ట్ అవదు, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ కొడుతుంది. ట్యాంకు నుంచి పంపు దాకా లైనంతా కొత్తది వేశాను, ఫిల్టర్ హెడ్ మార్చాను, పంపు సీళ్లు కూడా వేయించాను. అయినా బుడగలు ఆగలేదు. ట్యాంకులోనే లోపం ఉండొచ్చని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

చివరికి ట్యాంకు మీది యూనిట్ (పెట్రోల్ మోటారు వేలాడే మూత) పైకి తీశాను. పెట్రోల్ మోటారు తీసేసి, దాని స్థానంలో మామూలు ఫ్యూయల్ హోస్ ముక్క వేసి అడుగుదాకా దింపారు. ఆ హోస్ పై పొర ఉబ్బి మెత్తబడింది, పట్టుకుంటే వేళ్లకు నలుపు అంటింది. క్లిప్పు బిగించే ఉన్నా, హోస్ మాత్రం గొట్టం చుట్టూ చేత్తోనే గిర్రున తిరిగింది. ట్యాంకు నిండా ఉన్నప్పుడు ఆ జాయింటు డీజిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి అది లాగినా డీజిల్‌నే లాగేది. మట్టం జాయింటు కిందికి దిగిన మరుక్షణం నుంచి గాలి లాగేది. మామూలు ఫ్యూయల్ హోస్ లోపలి పొర ఇంధనాన్ని తట్టుకుంటుంది, బయటి పొర ఇంధనంలో నానడానికి చేసింది కాదు. నాననిచ్చేందుకు చేసిన హోస్ వేరే ఉంది, దాని మీద 30ఆర్10 అని ముద్ర ఉంటుంది.

నేను ఇప్పుడు ఆ హోస్ కూడా వాడను. యూనిట్ మూత నుంచి అడుగుకు సుమారు 2 సెంటీమీటర్ల పైదాకా ఒకే లోహపు గొట్టం దింపుతాను, ట్యాంకు లోపల జాయింటే ఉండదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు చాలు. గొట్టం కింది కొనను ఏటవాలుగా కోయండి. రిటర్న్ గొట్టాన్ని దానికి దూరంగా, అడుగుదాకా దింపండి. పైనుంచి పడితే డీజిల్ నురగ వస్తుంది, ఆ నురగే మళ్లీ లాగబడుతుంది. యూనిట్ తీసే ముందు బ్యాటరీ తీగ విప్పండి. పెట్రోల్ నిలవున్న ట్యాంకుకు, అది ఎంత ఖాళీగా కనబడినా, వెల్డింగ్ పెట్టవద్దు. అందులోని ఆవిరే పేలుతుంది.

పాత పెట్రోల్ మోటారును అలాగే వదిలేసి దాని గుండా డీజిల్ లాగించేవాళ్లూ ఉన్నారు. పంపుకు డీజిల్ అందదు. పోనీ అని ఆ మోటారును ఆన్ చేసి తోయిస్తే, అంత ఒత్తిడి రోటరీ పంపు (తిరుగుతూ అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచే రకం) డీజిల్ చిమ్మే టైమింగ్‌ను చెడగొడుతుంది, షాఫ్ట్ సీలును కూడా తన్నేస్తుంది. తీసేయండి.

రోటరీ పంపు మీద రెండు బాంజో బోల్టులు (లోపలి రంధ్రం గుండా డీజిల్ పోయే బోల్టులు) ఉంటాయి. రిటర్న్ వైపుదాని లోపల సన్నటి రంధ్రం ఉంటుంది, తల మీద సాధారణంగా ఔట్ అని అక్షరాలు ఉంటాయి. ఈ రెండూ తారుమారైతే కొత్త పంపు కూడా సరిగా నడవదు. విప్పినప్పుడల్లా చూసుకోండి.

బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడింది

ఇది తేలేదాకా బండిని రోడ్డు ఎక్కించవద్దు. పెట్రోల్ ఇంజిన్‌లో త్రాటిల్ (లోపలికి పోయే గాలిని అదుపు చేసే రేకు) వల్ల మానిఫోల్డ్‌లో వాక్యూమ్ వస్తుంది, పెడల్ నొక్కుడుకు బలం చేర్చే బ్రేక్ బూస్టర్ దాంతో పనిచేస్తుంది. త్రాటిల్ లేని డీజిల్‌లో అది రాదు. వాక్యూమ్ పంపు కావాలి. చాలా ఇంజిన్లకు అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. మార్పిడిలో వేరే ఆల్టర్నేటర్ వేస్తే పంపు కూడా దాంతోనే పోతుంది. పంపు ఉండీ పెడల్ గట్టిగానే ఉంటే, దానికి ఆయిల్ వచ్చే పైపు, బూస్టర్ వద్ద చెక్ వాల్వ్ దిశ చూడండి.

మిగతావి

ట్రాఫిక్‌లో వేడెక్కితే ఎలక్ట్రిక్ ఫ్యాన్‌ను ఎవరు ఆన్ చేస్తున్నారో కనుక్కోండి. పాత బండిలో ఆ పని చేసిన కంప్యూటర్ ఇప్పుడు లేదు, రేడియేటర్‌కు వేడి స్విచ్ పెట్టాలి. వేడి ముల్లు తప్పుగా చూపిస్తే వేడిని మీటర్‌కు తెలిపే పాత ఇంజిన్ సెండర్‌నే కొత్త ఇంజిన్‌కు బిగించండి, మీటర్ దానికి జతగా చేసింది. ఆర్‌పీఎం ముల్లు కదలకపోతే వింత లేదు, దానికి ఇగ్నిషన్ కాయిల్ నుంచి వచ్చే సిగ్నల్ పోయింది. తిరిగే వేగాన్ని బట్టి సిగ్నల్ ఇచ్చే ఆల్టర్నేటర్ మీది డబ్ల్యూ టెర్మినల్ నుంచి తీసుకుని, మీటర్‌ను దానికి సరిపెట్టుకోవాలి.

గేర్లు గట్టిగా పడుతుంటే ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే అడాప్టర్ ప్లేటు డోవెల్ పిన్నులు (దాన్ని సూటిగా కూర్చోబెట్టేవి), పైలట్ బేరింగ్ (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనను మోసేది) చూడండి. నల్లపొగ వస్తే టర్బో హోస్‌లు, ఎయిర్ ఫిల్టర్ చూడండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో పాత ట్యాంకు మడ్డి ఫిల్టర్‌ను మూసేయవచ్చు, ఒక ఫిల్టర్ అదనంగా బండిలో పెట్టుకోండి. పంపు లోపలే విరగడం, టైమింగ్ బెల్టు పన్ను జారడం అరుదు. డబ్బా పరీక్ష చేయకుండా అటు వెళ్లవద్దు.

హైవేలో ఇంజిన్ అరుస్తుంటే అది జబ్బు కాదు, క్రౌన్ పినియన్ (యాక్సిల్‌లోని చివరి గేర్ల జత) లెక్క. పెట్రోల్ ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుందని పెట్టిన నిష్పత్తి అది. మీ డీజిల్ సుమారు 4,000 దగ్గరే ఆయాసపడుతుంది. సంఖ్యలో ఇంకా తక్కువ నిష్పత్తి ఉన్న క్రౌన్ పినియన్ వేయాలి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు, వెనక రెండింటికీ ఒకే నిష్పత్తి ఉండాలి. ఒకటి మార్చి రెండోది వదిలేసి ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు విరుగుతుంది.